సింగరేణి బొగ్గు లైన్ గూడ్స్ వ్యాగన్ల మోడళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సింగరేణి లైన్ వ్యాగన్ల మోడళ్లు సేకరిస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచి అవే అనుమానాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. మీకు ఏ ప్రశ్న కావాలో అక్కడికే వెళ్లి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

సింగరేణి లైన్ అంటే అసలు ఏ లైన్ అండీ? కొత్తగూడెమా, రామగుండమా?

రెండూ. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1888లో డోర్నకల్ నుంచి ఇల్లెందుకు రైలు వచ్చింది, 1889లో బొగ్గు బయటికి రావడం మొదలైంది. ఇది పాత లైన్. ఇదే దారిలో కారేపల్లి దగ్గర చీలి 1927లో కొత్తగూడెం దాకా ఇంకో పాయ వెళ్లింది. కొత్తగూడెం ఊళ్లో ఉన్న స్టేషన్ బోర్డు మీద మాత్రం భద్రాచలం రోడ్ అని ఉంటుంది. తర్వాత లైన్ మణుగూరు దాకా సాగింది.

రెండోది కాజీపేట–బల్లార్షా లైన్. 1929కి పూర్తయింది. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి దీని మీదే ఉన్నాయి. ఇక్కడ బొగ్గు రేకులతో (రేకు అంటే ఒక బండిగా కట్టిన వ్యాగన్ల వరుస) పాటు ఢిల్లీ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లు, సిమెంటు, పెట్రోలు ట్యాంకర్లు అన్నీ తిరుగుతాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను డోర్నకల్ వైపే చెబుతాను. వచ్చే బండ్లలో చాలావరకు బొగ్గువే, రకాలు తక్కువ, చేతిలో డబ్బు అయిపోయేలోపే సేకరణకు ఒక రూపం వస్తుంది.

బొగ్గు వ్యాగన్ దేశమంతా ఒకటే కదా. ఇది సింగరేణిది అని ఎలా చెప్తారు?

మంచి ప్రశ్న. సగం మంది ఇక్కడే ఆగిపోతారు. ధన్‌బాద్‌లో కనిపించే బాక్స్‌ఎన్ (పైన తెరిచి ఉండే బొగ్గు వ్యాగన్ రకం), మణుగూరులో కనిపించే బాక్స్‌ఎన్ ఒకటే. ఇంగ్లండ్ మోడళ్లలో లాగా ఒక్కో గనికి ఒక్కో రంగు, పక్కన యజమాని పేరు పెద్దక్షరాల్లో ఉండే పద్ధతి మనకు లేదు.

కాబట్టి సింగరేణితనం డబ్బాలో ఉండదు, డబ్బా చుట్టూ ఉంటుంది. ఏ సంవత్సరం, ఏ ఇంజన్ వెనక, ఏ రకాలు కలిసి, బొగ్గు ఎలా పోసి, చివర ఏ బ్రేక్ వ్యాన్ కట్టి నడిపారు అన్నదే దాన్ని మన లైన్ చేస్తుంది. ఒక్క వ్యాగన్ బల్ల మీద పెట్టి "ఇది సింగరేణి" అంటే ఎవరూ ఒప్పుకోరు. పన్నెండు వ్యాగన్లు సరైన జోడింపుతో పెడితే కొత్తగూడెంలో పెరిగినవాళ్లు అడక్కుండానే గుర్తుపడతారు.

ఏ స్కేల్ తీసుకోవాలి? హెచ్‌ఓ నా, ఎన్ నా?

హెచ్‌ఓ అంటే 1:87, అసలుదానిలో 87వ వంతు. ఎన్ అంటే 1:160. మన దగ్గర భారతీయ వ్యాగన్లు చిన్న బ్యాచ్‌లుగా చేసేవాళ్లలో ఎక్కువ మంది హెచ్‌ఓలో చేస్తారు. నంబర్లు, చిన్న రాతలు చదవగలిగేంత సైజు ఉంటుంది, చక్రాలూ, వ్యాగన్లని ఒకదానికొకటి కలిపే కప్లర్లూ సులువుగా దొరుకుతాయి. వేరే బలమైన కారణం లేకపోతే హెచ్‌ఓ తీసుకోండి.

ఎన్ ఎవరికంటే, పొడుగు రేకు చూడాలని తపన ఉన్నవాళ్లకు. రెండూ కలిపి మాత్రం సేకరించకండి. పక్కపక్కన పెడితే రెండూ తేలిపోతాయి.

మనది బ్రాడ్‌గేజ్ కదా, మోడల్ పట్టాలు ఇరుగ్గా కనిపిస్తాయేంటి?

నిజంగానే ఇరుకు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. కానీ హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మాత్రమే, ఎందుకంటే అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కి లెక్కగట్టింది. అంటే రెండున్నర మిల్లీమీటర్లకు పైనే తక్కువ. ఎదురుగా నిలబడి చూస్తే వ్యాగన్ కాళ్లు దగ్గర పెట్టుకుని నిల్చున్నట్టు ఉంటుంది.

సొంతంగా 19.3లో పట్టాలు వేసుకునే మొండివాళ్లు లేకపోలేదు. కానీ అప్పుడు చక్రాల దగ్గర్నుంచి పట్టాలు చీలే పాయింట్ల దాకా అన్నీ చేతిపనే. మోడల్‌ని పక్కనుంచి చూసేదే ఎక్కువ కాబట్టి దాదాపు అందరూ 16.5తో సర్దుకుపోతారు. నేనూ అంతే.

మాది డబుల్ బెడ్‌రూం ఫ్లాట్. 58 వ్యాగన్ల రేకు పెట్టగలనా?

లెక్క చూడండి. బాక్స్‌ఎన్ కప్లర్ నుంచి కప్లర్‌కి 10,713 మిల్లీమీటర్లు. హెచ్‌ఓలో అది సుమారు 12.3 సెంటీమీటర్లు. 58 కలిపితే ఏడు మీటర్లు దాటుతుంది, ఇంజన్లు, బ్రేక్ వ్యాన్ కాక. ఎన్ స్కేల్‌లో అయితే 3.9 మీటర్లలో అయిపోతుంది.

ఫ్లాట్‌లో 10 నుంచి 14 వ్యాగన్లు చాలు. పన్నెండు అంటే ఐదడుగుల లోపే, ఒక గోడ అరకి సరిపోతుంది. కళ్లు ఒకేసారి చూడగలిగేది అంతే, దానికి మించితే తల తిప్పాల్సిందే.

## ఏ కాలం, ఏ వ్యాగన్

ముందు సంవత్సరం ఎంచుకోమంటారు. అంత పట్టింపు ఎందుకు?

డబ్బు మిగలడానికి. కాలం ఎంచుకోకపోతే కనిపించిందల్లా కొంటారు, రెండేళ్ల తర్వాత చూస్తే ఏవీ ఒకదాని పక్కన ఒకటి నిలబడవు.

స్థూలంగా మూడు కాలాలు. మొదటిది నిజాం రోజులు. ఆవిరి ఇంజన్లు, నాలుగు చక్రాల చిన్న ఓపెన్ వ్యాగన్లు, స్క్రూ కప్లింగు, బఫర్లు. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేని తన చేతిలోకి తీసుకుంది, 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. ఈ కాలానికి అద్భుతమైన ఆకర్షణ ఉంది కానీ తయారైన మోడళ్లు దాదాపు లేవు. ప్రతిదీ ఫొటో చూసి కట్టుకోవాల్సిందే.

రెండోది 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన తర్వాతి ఇరవై ఏళ్లు. వాక్యూమ్ బ్రేకు, పొడవాటి బాక్స్ వ్యాగన్లు, వాటి మధ్యలో ఇంకా బతికి ఉన్న నాలుగు చక్రాలవి, ముందు ఆవిరి, తర్వాత డబ్ల్యూడీఎం-2 డీజిల్. నా ఓటు దీనికే. ఒకే రేకులో ఎత్తులూ పొడవులూ వేర్వేరుగా ఉంటాయి, చూడ్డానికి అలుపు రాదు.

మూడోది ఎయిర్ బ్రేకు కాలం, 1980ల నుంచి ఇప్పటిదాకా. బాక్స్‌ఎన్, దాని తమ్ముళ్లు. కొనుక్కుని సేకరించాలంటే ఇదే సులువు.

బాక్స్, బాక్స్‌ఎన్, బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ మధ్య తేడా దూరం నుంచి ఎలా పట్టాలి?

పొడవుతో. బాక్స్ పొడుగ్గా, ఎత్తు కాస్త తక్కువగా అనిపిస్తుంది. బాక్స్‌ఎన్ దానికన్నా మూడు మీటర్ల దాకా కురచ, ఎత్తు ఎక్కువ. స్టేషన్లో బండి పక్కకి ఆగే లూప్ లైన్ పొడవు పెంచకుండా అదే జాగాలో ఎక్కువ బొగ్గు మోయాలనే దాన్ని అలా కుదించారు. ఖాళీ బాక్స్‌ఎన్ బరువు 22.5 టన్నులు, మోసేది 58.8 టన్నులు, మొత్తం 81.3. నాలుగు యాక్సిళ్లకు పంచితే ఒక్కోదానికి 20.3 టన్నులు పడుతుంది. ఆ అంకె కోసమే మొత్తం డిజైన్ నడిచింది.

బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలుది. పావు మీటరు పొడవు ఎక్కువ, ఖాళీ బరువు తక్కువ, మోసే బరువు ఎక్కువ. హెచ్‌ఓలో ఆ పొడవు తేడా మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందుకే బాక్స్‌ఎన్ డబ్బాకే వేరే నంబరు అంటించి హెచ్‌ఎల్ అని అమ్మేస్తుంటారు. పక్క గోడల మీద నిలువు పట్టీల అమరిక ఫొటోతో పోల్చండి, మోసం అక్కడ బయటపడుతుంది.

ఒకే గని నుంచి ఓసారి పైన తెరిచిన డబ్బాలు, ఓసారి కింద తెరుచుకునేవి వెళ్తాయి. ఎందుకలా?

అది గని ఇష్టం కాదు, దింపుకునేవాడి ఏర్పాటు. బొగ్గు చేరే చోట టిప్లర్ ఉంటే బాక్స్‌ఎన్ వెళ్తుంది. టిప్లర్ వ్యాగన్‌ని అమాంతం పట్టుకుని బోర్లిస్తుంది. పట్టాల కింద పెద్ద గొయ్యి, అంటే ట్రాక్ హాపర్ ఉంటే బీఓబీఆర్‌ఎన్ వెళ్తుంది. దాని అడుగు తలుపులు గాలి ఒత్తిడితో తెరుచుకుంటాయి, బండి మెల్లగా కదులుతుండగానే బొగ్గు రాలిపోతుంది.

మోడల్‌లో దీని అర్థం ఏంటంటే, ఒక రేకులో ఈ రెండింటినీ కలపకూడదు. ప్రదర్శనల్లో నాలుగు బాక్స్‌ఎన్, మధ్యలో రెండు హాపర్లు, మళ్లీ బాక్స్‌ఎన్ అని కనిపిస్తూ ఉంటాయి. అలాంటి రేకుని ఏ పవర్ ప్లాంటూ దింపుకోలేదు. పాడైన వ్యాగన్లను వర్క్‌షాప్‌కి పంపే బండి అని చెప్పుకుంటే తప్ప.

రామగుండం ఎన్టీపీసీ బండి కూడా ఇందులోకి వస్తుందా?

వస్తుంది, కానీ దాన్ని వేరే సేకరణగా చూడండి. ఎన్టీపీసీకి గనుల నుంచి ప్లాంటు దాకా సొంత రైలు మార్గం ఉంది, మెర్రీ గో రౌండ్ అంటారు. సొంత హాపర్లు, సొంత డీజిల్ ఇంజన్లు. అవి భారతీయ రైల్వే రేకుల్లో కలిసి దేశం తిరిగేవి కావు. చిన్న గుండ్రటి లేఅవుట్‌కి ఇంతకన్నా నప్పే విషయం దొరకదు. నిజం బండి కూడా అలా తిరుగుతూనే ఉంటుంది మరి.

చివర బ్రేక్ వ్యాన్ తప్పనిసరా?

మీ కాలాన్ని బట్టి. చాలా ఏళ్లు గూడ్స్ అంటే చివర గార్డు పెట్టె ఉండాల్సిందే. నాలుగు చక్రాల బీవీజెడ్‌సీ అందరికీ తెలిసిన బొమ్మ, రెండు వైపులా వరండా, మధ్యలో గది. తర్వాత బోగీలున్న (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, కింద చక్రాలు బిగించే ఫ్రేము) బీవీజెడ్‌ఐ వచ్చింది. ఇప్పుడు బ్రేక్ వ్యాన్ బదులు చివరి వ్యాగన్‌కి పరికరం తగిలించి నడిపే పద్ధతి కూడా వచ్చింది. 2022 నుంచి గార్డుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. 2000లలోపు కాలం ఎంచుకుంటే మాత్రం వ్యాన్ లేకుండా రేకు పెట్టొద్దు, మొండెం లాగా ఉంటుంది.

ఏ ఇంజన్ కొనాలి?

డీజిల్ కాలానికి డబ్ల్యూడీఎం-2, తర్వాతి రోజులకు డబ్ల్యూడీజీ-3ఏ. కరెంటు కాలానికి డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏజీ-7, డబ్ల్యూఏజీ-9. షెడ్డు పేరు కాజీపేట అని ఉంటే ఇక మాట్లాడక్కర్లేదు. ఒక్క ఇంజన్ చాలు, మిగిలిన డబ్బు వ్యాగన్ల మీద పెట్టండి.

## కొనేటప్పుడు

షాపులో అడిగితే లేవంటున్నారు. ఇవి ఎక్కడ దొరుకుతాయి?

బొమ్మల షాపుల్లో దొరకవు. భారతీయ వ్యాగన్లు చేసేది ఎక్కువగా ఇంట్లో 3డీ ప్రింటర్ పెట్టుకుని ఇరవై, ముప్పై చొప్పున చేసే అభిరుచిగాళ్లు. ముందు పేర్లు తీసుకుంటారు, అడ్వాన్సు తీసుకుంటారు, నెలలు పడుతుంది. మొదట ఒక్కటే తెప్పించుకుని, పట్టాల మీద నడిపి చూసి, తర్వాత మిగిలినవి చెప్పండి. మొత్తం రేకుకి ఒకేసారి డబ్బు కట్టమనే వాళ్లతో జాగ్రత్త.

అమెరికా బొగ్గు వ్యాగన్ కొని గోధుమ రంగేస్తే సరిపోదా?

సరిపోదు. అక్కడి బొగ్గు గొండోలా సుమారు 16 మీటర్లు, మన బాక్స్‌ఎన్ 10.7. రంగు ఏదేసినా పొడవు దాగదు. దానికన్నా ప్లాస్టిక్ షీటు కోసి చేత్తో కట్టుకోవడం మేలు. బాక్స్‌ఎన్ అంటే చివరికి పట్టీలు అంటించిన పెట్టే, కట్టడానికి ఇంతకన్నా సులువైన వ్యాగన్ లేదు.

3డీ ప్రింట్ వ్యాగన్ కొంటున్నాను. ఏం చూసుకోవాలి?

ముందు కొలవండి. హెచ్‌ఓ బాక్స్‌ఎన్ డబ్బా పొడవు 112.5, వెడల్పు సుమారు 37, పట్టాల నుంచి ఎత్తు కూడా సుమారు 37 మిల్లీమీటర్లు ఉండాలి. వెడల్పు, ఎత్తు సమానంగా ఉండటమే దాని ముఖకళ. ఎత్తు ఎక్కువైతే బోగీల మీద కూర్చున్న తీరు తప్పని అర్థం.

తర్వాత గోడల్ని వెలుతురుకి వాలుగా పట్టుకుని చూడండి. ప్రింట్ గీతలు అడ్డంగా మెట్లలా కనిపిస్తే రంగు వేశాక ఇంకా ఎక్కువ కనిపిస్తాయి, తక్కువ కావు. రెజిన్‌తో చేసినవి నున్నగా వస్తాయి కానీ చేయి జారితే మూల విరుగుతుంది. పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో చేసినవి గట్టివే, కానీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. రామగుండం ఎండల్లో మూసిన కారులో మధ్యాహ్నం వదిలేస్తే గోడలు లోపలికి వంగిపోతాయి.

చక్రాలు ఏవి వేశారో అడగండి. అసలు చక్రం వెయ్యి మిల్లీమీటర్లు, అంటే మోడల్‌లో 11.5 ఉండాలి. దొరికేవాటిలో 11 దగ్గరగా ఉంటుంది. అమెరికన్ వ్యాగన్లకు వేసే 9.6 చక్రాలు వేస్తే వ్యాగన్ కుంగినట్టు ఉంటుంది.

బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ ఎంత పడుతుంది?

ముందే గుండె గట్టి చేసుకోండి. మోడల్ రైళ్లను కస్టమ్స్ లెక్కలో బొమ్మల పద్దు, అంటే 9503 కింద చూస్తారు. ఆ పద్దు మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్‌లో 70 శాతానికి పెరిగింది. దానిపైన జీఎస్టీ. రేట్లు బడ్జెట్ బడ్జెట్‌కీ మారతాయి కాబట్టి ఆర్డరు పెట్టే రోజున చూసుకోండి. ఇంకో సంగతి, 2021 నుంచి బొమ్మలకు బీఐఎస్ నాణ్యతా గుర్తు తప్పనిసరి చేశారు. ఆ పేరుతో పార్సిల్ ఆపేస్తే వాదించడం పెద్ద తలనొప్పి. చక్రాలు, కప్లర్ల లాంటి చిన్న భాగాలకే బయటి ఆర్డర్లు పరిమితం చేసుకోవడం నయం.

పక్కన "సింగరేణి" అని పెద్దక్షరాలు ఉన్న వ్యాగన్ అమ్మకానికి వచ్చింది. కొననా?

అమ్మేవాళ్లని అసలు వ్యాగన్ ఫొటో అడగండి. చూపిస్తే కొనండి, చూపించకపోతే అది ఊహలోంచి పుట్టిన రంగు. అల్మరాలో ముచ్చటకి పెట్టుకోవచ్చు, రేకులో కట్టొద్దు.

## నంబర్లు, రంగు, దుమ్ము

వ్యాగన్ మీద 11 అంకెలు ఉంటాయి. నోటికొచ్చినవి రాసేస్తే ఎవరికి తెలుస్తుంది?

తెలిసినవాళ్లకు అర నిమిషంలో తెలుస్తుంది. మొదటి రెండంకెలు వ్యాగన్ రకం. తర్వాత రెండు ఏ రైల్వేది, దక్షిణ మధ్య రైల్వేకి 09. తర్వాత రెండు తయారైన సంవత్సరం. ఆపై నాలుగు దాని సొంత నంబరు. చివరిది సరిచూసే అంకె, పట్టించేది ఇదే.

ఒక నంబరు కట్టి చూద్దాం. ఓపెన్ వ్యాగన్ల వరుసలోది 10, మన రైల్వే 09, 1996లో తయారైంది కాబట్టి 96, సొంత నంబరు 2347 అనుకుందాం. అంటే 1009962347. సరి స్థానాల్లో ఉన్నవి 0, 9, 6, 3, 7 కలిపితే 25, దాన్ని మూడింతలు చేస్తే 75. బేసి స్థానాల్లోవి 1, 0, 9, 2, 4 కలిపితే 16. మొత్తం 91. పైన వచ్చే పదుల సంఖ్య 100, తేడా 9. కాబట్టి పూర్తి నంబరు 10099623479.

ఫోన్‌లో ఈ లెక్క ఒకసారి పెట్టుకుంటే రేకంతటికీ నంబర్లు పది నిమిషాల్లో వస్తాయి. అమ్మకానికి ఉన్న మోడల్ నంబరు కూడా ఇలాగే తనిఖీ చేయండి. చివరి అంకె కుదిరిందంటే చేసినవాడు మిగతా విషయాల్లో కూడా శ్రద్ధ పెట్టి ఉంటాడు.

మన లైన్ కదా, అన్ని వ్యాగన్లకూ దక్షిణ మధ్య రైల్వే నంబర్లే వేయాలా?

వద్దు. వ్యాగన్లు ఒక రైల్వేకి చెందినా దేశమంతా ఉమ్మడిగా తిరుగుతాయి. మణుగూరులో నింపుకునే రేకులో తూర్పు రైల్వేవి, ఆగ్నేయ రైల్వేవి, మధ్య రైల్వేవి అన్నీ ఉంటాయి. పన్నెండింటికీ 09 వేస్తే అదే అబద్ధంలా కనిపిస్తుంది. రెండింటికో మూడింటికో 09 వేసి మిగిలినవి కలగలపండి. తయారైన సంవత్సరాలు కూడా మార్చండి, మీరు ఎంచుకున్న కాలం దాటకుండా.

తెల్ల అక్షరాల డెకాల్ ఇంట్లో ప్రింట్ అవుతుందా?

డెకాల్ అంటే వ్యాగన్ మీద అంటించే పల్చటి అక్షరాల పొర. మామూలు ఇంక్‌జెట్‌తో కాదు, దానికి తెల్ల ఇంకు ఉండదు. రెండు దార్లు. తెల్ల టోనరు ఉన్న ప్రింటర్ ఉన్నచోట చేయించుకోవడం ఒకటి. తెల్ల డెకాల్ కాగితం మీద చుట్టూ వ్యాగన్ రంగు ప్రింట్ చేసి, అక్షరాలు తెల్లగా వదిలేయడం రెండోది. రెండో దారిలో రంగు కలవడం కష్టం, కానీ పైన దుమ్ము వేస్తే చాలావరకు కలిసిపోతుంది.

అసలు వ్యాగన్లు చూసి ఫొటోలు తీసుకోవాలి. ఎక్కడికి వెళ్లాలి? గొడవ అవుతుందా?

లెవల్ క్రాసింగ్ గేటు దగ్గర రోడ్డు మీద నిలబడటం అన్నిటికన్నా హాయి. గేటు పడితే రేకంతా కళ్ల ముందునుంచి వెళ్తుంది. స్టేషన్లలో రామగుండం, మంచిర్యాల, డోర్నకల్ మంచివి, టికెట్ తీసుకుని ప్లాట్‌ఫారం మీదే ఉండండి, సిబ్బంది వద్దంటే ఆపేయండి. పట్టాల మీద నడవడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. బొగ్గు నింపే సీహెచ్‌పీల (కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్ల) వైపు అనుమతి లేకుండా కెమెరాతో అసలు వెళ్లొద్దు.

తీసేటప్పుడు అందమైన ఫొటో కాదు, పనికొచ్చే ఫొటో తీయండి. నేరుగా పక్కనుంచి ఒకటి, బ్రేకు గొట్టాలున్న కొస ఒకటి, నంబరు దగ్గరగా ఒకటి.

కొత్త వ్యాగన్ మెరుస్తోంది. దుమ్ము, తుప్పు ఎలా తెప్పించాలి?

ముందు బొగ్గు వ్యాగన్ ఎక్కడ మాస్తుందో చూడాలి. అందరూ బయట గోడలకి నల్లరంగు పూసేస్తారు. నిజంగా చూస్తే బయటి గోడలు నల్లగా కన్నా మాసిన గోధుమ రంగులో ఉంటాయి. నలుపు చేరేది పై అంచు కింద, నిలువు పట్టీల మూలల్లో, తలుపుల సందుల్లో. లోపలి గోడలు మాత్రం వేరే కథ. బొగ్గు రాసుకుని రాసుకుని రంగు పోయి, తుప్పు నారింజ రంగులో పైకి వస్తుంది, దానిపైన బూడిద పొర. టిప్లర్ పట్టుకునే పై అంచు వంకరలు తిరిగి, అక్కడక్కడ ఇనుము తేలి ఉంటుంది.

అందుకని వరుస ఇలా. రెడ్ ఆక్సైడ్ గోధుమ రంగు ఆరాక మ్యాట్ వార్నిష్. దానిపైన బాగా పల్చన చేసిన నలుపు-గోధుమ మిశ్రమం పూసి, పైనుంచి కిందికి ఒక్క దిశలోనే పొడి కుంచెతో లాగండి, వాన ఎటు కారుతుందో అటే. పై అంచుకి మెత్తటి పెన్సిల్ కొస రుద్దితే ఇనుము మెరుపు వస్తుంది. బోగీలకు మాత్రం నల్లరంగు వద్దు, ఇటుక రంగు పొడి వేయండి, బ్రేకు దుమ్ము అదే రంగు. మళ్లీ మ్యాట్ వార్నిష్.

ఒక్కోదాన్నీ వేర్వేరు రోజుల్లో చేయండి. ఒకే రోజు వరుసబెట్టి చేస్తే అన్నీ ఒకే మురికితో తయారవుతాయి.

## బొగ్గు నింపడం

నిజం బొగ్గు వాడొచ్చా?

వాడొచ్చు, దానికి మించింది లేదు. రాక్షసి బొగ్గు విరిగిన చోట ఉండే మెరుపు ఏ రంగుతోనూ రాదు. కర్రబొగ్గు వద్దు, మెత్తగా పొడైపోయి మసిలా కనిపిస్తుంది. సైడింగ్‌లో ఏరుకొచ్చే ఆలోచన అస్సలు వద్దు, అది రైల్వే సొత్తు దొంగతనం కిందికి వస్తుంది. తెలిసినవాళ్ల ఇంట్లో ఒక పెళ్ల దొరికితే జీవితానికి సరిపోతుంది.

పాత గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టండి, మాస్కు పెట్టుకోండి. అసలు పది సెంటీమీటర్ల ముక్క మోడల్‌లో మిల్లీమీటరు కాస్త పైన. టీ జల్లెడలో పోస్తే కిందికి దిగిన పొడి, పైన మిగిలిన రవ్వ రెండూ పనికొస్తాయి. లోపల థర్మాకోల్ దిమ్మె, దానికి నల్లరంగు, పైన రవ్వ చల్లి, చివర పొడి. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు, ఒక్క చుక్క గిన్నెల సబ్బు కలిపి డ్రాపర్‌తో వేయండి. సబ్బు లేకపోతే జిగురు బొగ్గు మీద ముత్యాల్లా నిలబడిపోతుంది.

బొగ్గు పైభాగం చదునుగా ఉండాలా, గుట్టలుగానా?

ఎలా నింపారో దాన్ని బట్టి. సైలో, అంటే బొగ్గు నిల్వ ఉంచే ఎత్తైన గోపురం, కింద నుంచి బండి నడుస్తూ నింపితే పొడవునా ఒకే తీరు, మధ్యలో కొంచెం ఎత్తు. లోడర్ మిషన్ బకెట్‌తో పోస్తే రెండు మూడు గుట్టలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒక రేకులో ఒక్క పద్ధతే ఉంచండి, గుట్టల ఆకారం మాత్రం మార్చండి.

కొన్ని రేకుల్లో బొగ్గు మీద తెల్లగా చల్లినట్టు ఉంటుంది. ఏంటది?

సున్నం నీళ్లు. దారిలో ఎవరైనా బొగ్గు దించితే తెల్లపొర చెదిరి తెలిసిపోతుందని చల్లుతారు. మోడల్‌లో పల్చటి తెల్లరంగుని పాత టూత్‌బ్రష్‌తో చిమ్మండి. అక్కడక్కడ అంచు మీదా గోడ మీదా కారాలి. రేకులో ఒక వ్యాగన్ మీద మధ్యలో నల్లటి మరక ఒకటి వదిలేస్తే చూసేవాళ్లకి కథ అర్థమైపోతుంది.

నిండు రేకు, ఖాళీ రేకు రెండూ కావాలి. రెండు సెట్లు కొనాలా?

అక్కర్లేదు. దిమ్మె అడుగున ఇనుప వాషరు అతికించి పెట్టండి, చిన్న అయస్కాంతం పైన ఆనిస్తే బొగ్గంతా ఒక్క ముద్దగా లేచి వస్తుంది. దిమ్మెని గోడలకన్నా అర మిల్లీమీటరు చిన్నగా కోయాలి, లేకపోతే వానాకాలంలో బిగుసుకుంటుంది.

## నడపడం

వ్యాగన్లు మలుపుల్లో పడిపోతున్నాయి. ఇంజన్ లోపమా?

చాలాసార్లు బరువు లోపం. ప్రింట్ చేసిన డబ్బా తేలిక, పొడుగు రేకులో మధ్యవి లోపలికి లాగబడి పడిపోతాయి. అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూచన ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్‌కి ఒక ఔన్సు, ఆపై అంగుళానికి అర ఔన్సు చొప్పున ఉండాలి. బాక్స్‌ఎన్‌కి అది 90 గ్రాముల దగ్గర తేలుతుంది. వంటింటి డిజిటల్ కాటా మీద తూచి, తక్కువైనంత ఇనుప ముక్కలు అడుగున అతికించండి. అన్నీ ఒకే బరువు ఉండటం అసలు అంకె కన్నా ముఖ్యం.

బరువు సరిగానే ఉంటే చక్రాల మధ్య లోపలి దూరం కొలవండి. హెచ్‌ఓలో 14.4 నుంచి 14.6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఒక చక్రం జరిగి ఉంటే ప్రతిసారీ అదే పాయింట్ దగ్గర పడుతుంది.

కప్లర్ ఏది వేయాలి?

బాక్స్‌ఎన్‌కి ఉండేది సెంటర్ బఫర్ కప్లర్, పిడికిలి ఆకారంలో. కాడీ (Kadee) అనే కంపెనీ రకం కప్లర్ చూపుకి దానికి దగ్గరగా ఉంటుంది. రేకు మధ్యలో అవసరం లేదు, అక్కడ పక్కపక్క వ్యాగన్లని కడ్డీతో కలిపేస్తే ఖర్చూ తగ్గుతుంది, తెగిపోవడమూ ఉండదు. రెండు కొసల వ్యాగన్లకు మాత్రం కాడీ వేయండి.

## భద్రపరచడం

డబ్బాల్లో దాచాలా, అల్మరాలో పెట్టాలా?

అద్దాల అల్మరా, నేరుగా ఎండ పడని గోడ. డబ్బాలో దాచేటట్టయితే లోపలి స్పాంజిని నమ్మొద్దు, కొన్నేళ్లకి జిగురై రంగుకి అంటుకుంటుంది. మధ్యలో పల్చటి టిష్యూ కాగితం చుట్టండి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లం వేయండి.

రిజిస్టరు రాయాలా? నాకున్నవి ఎనిమిదే.

ఎనిమిది ఉన్నప్పుడే మొదలుపెట్టండి, ఎనభై అయ్యాక ఎవరూ రాయరు. వ్యాగన్ నంబరు, చేసినవాళ్లు, కొన్న తేదీ, ధర, చక్రాల రకం, ఎంత బరువు వేశారో, ఏ ఫొటో చూసి రంగు వేశారో. చివరిది మరవకండి. రేపు ఎవరైనా "ఇలాంటిది ఎప్పుడూ చూళ్లేదే" అంటే ఆ ఫొటో తీసి చూపించొచ్చు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. ఆడుకోనివ్వనా?

కట్టి రంగేసిన రేకు ఇవ్వకండి. రంగు వేయని ఒక ప్రింట్ డబ్బా, పెద్ద చక్రాలు వేసి వాళ్లకే ఇచ్చేయండి. బొగ్గు కూడా వాళ్లనే పోయనివ్వండి, ఆవాలు అయితే ఊడ్చుకోవడం సులువు.